నెలకు రెండు అప్పగింతలు

మన పెళ్లిళ్లలో అప్పగింతలు ఒక్కసారే జరుగుతాయి. మా ఇంట్లో మాత్రం నెలకు రెండుసార్లు. వెళ్లేటప్పుడు ఆయన ఇంటిని నాకు అప్పగిస్తారు. తిరిగొచ్చాక నేను ఆయనకు అప్పగించాలి. మొదటిది తేలిక. రెండోదే కష్టం.

మా వారు చమురు, గ్యాస్ బావులు తవ్వే ఇంజనీరు. 14 రోజులు సముద్రంలో రిగ్గు మీద ఉంటారు, 14 రోజులు కొండకల్‌లో మాతో ఉంటారు. మా ఊళ్లో రైలు పెట్టెల ఫ్యాక్టరీ వచ్చినప్పటి నుంచి ఇంజనీరు అనగానే అందరూ "కోచ్ ఫ్యాక్టరీలోనా?" అని అడుగుతారు. కాదంటే అర్థం కాదు. పదిన్నరకి లుంగీతో మొక్కలకు నీళ్లు పెడుతూ కనిపించే మనిషిది ఏం ఉద్యోగమో ఎవరికి మాత్రం అర్థమవుతుంది? మాకు పాలు పోసే ఆయన ఒకసారి గొంతు తగ్గించి అడిగాడు, "సారు ఇంట్లనే ఉంటున్నరు, నౌకరి పోయిందా అమ్మా?" అని. పాపం, ఆ రోజు డబ్బులు కూడా అడక్కుండా వెళ్లాడు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా ఆడపడుచు కూతురికి ఇలాంటి సంబంధమే వచ్చింది. అబ్బాయి గల్ఫ్‌లో రిగ్గు ఇంజనీరు. 28 రోజులు పని, 28 రోజులు సెలవు. జీతం బాగుంది, కుటుంబం మంచిది. పిల్ల నాకు ఫోన్ చేసి, "అత్తమ్మా, నిజం చెప్పు, నువ్వెట్ల ఏగినవ్?" అంది. ఫోన్లో నాలుగు మాటల్లో తేలే విషయం కాదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. దానితో పాటు మీరూ చదవండి.

ముందు ఆ పని ఏమిటో చెప్తాను. భర్త చేసే పని తెలియకుండా అతని అలసట మనకు తెలియదు.

మేం ఇక్కడ ఇల్లు కట్టుకునేటప్పుడు బోరు వేయించాం. మీలో చాలామంది చూసే ఉంటారు. లారీ వచ్చి ఇనుప గొట్టాలు ఒక్కోటీ దింపుతూ, గాలి ఒత్తిడితో సుత్తిలా రాయిని కొడుతూ, బూడిదరంగు పొడి చుట్టుపక్కల ఇళ్ల మీదంతా చల్లుతుంది. మా వారు ఆ రాత్రంతా కుర్చీ వేసుకుని అక్కడే కూర్చున్నారు. నీళ్లు పడతాయో లేదోనని నేను దేవుడికి దండం పెట్టుకుంటుంటే, ఆయన బోరు కుర్రాళ్లతో బిట్టు గురించి, గొట్టాల మరల గురించి కబుర్లు చెప్తున్నారు. 720 అడుగులకు నీళ్లు పడ్డాయి. "మీ దగ్గర ఎంత లోతు పోతది సార్?" అని ఆ కుర్రాడు అడిగాడు. "మూడు, నాలుగు కిలోమీటర్లు" అంటే వాడు టీ తాగడం ఆపేశాడు.

"మన కింద చమురు ఉండదా?" అని నేనూ అడిగాను. ఉండదట. హైదరాబాద్ చుట్టుపక్కల కింద ఉన్నది గ్రానైటు. భూమి లోపల కరిగిన రాయి చల్లారి గట్టిపడినది. చమురు పుట్టాలంటే నదులు, సముద్రాలు కోట్ల ఏళ్లుగా పొరలు పొరలుగా పేర్చిన మట్టి కావాలి. ఆ మట్టిలో కప్పడిపోయిన సూక్ష్మజీవులు వేడికీ ఒత్తిడికీ ఉడికి చమురూ గ్యాసూ అవుతాయి. అందుకే కృష్ణా గోదావరుల దగ్గర ఉంది, మన దగ్గర లేదు. మన రాయి పగుళ్లలో నీళ్లు దొరికితే అదే మనకు లంకెబిందెలు.

బోరుకూ చమురు బావికీ అసలు తేడా లోతు కాదు, ఒత్తిడి. బోరులో నీళ్లను మనం పైకి లాగాలి. చమురు బావిలో కిందున్న గ్యాసు తనే పైకి తన్నుకొస్తుంది, దాన్ని ఆపి ఉంచాలి. అందుకని తవ్వుతున్నంత సేపూ గొట్టంలోంచి ఒక ద్రవం కిందికి పంపుతూ, పైకి తెస్తూ ఉంటారు. దాన్ని మడ్ అంటారు, అంటే బురదే. ఆ బురద బిట్టును చల్లబరుస్తుంది, పొడి అయిన రాయిని పైకి తెస్తుంది, తన బరువుతో కింది గ్యాసును నొక్కిపెడుతుంది. పల్చగా ఉంటే గ్యాసు లోపలికి చొరబడుతుంది. మరీ చిక్కగా, బరువుగా ఉంటే చుట్టూ ఉన్న రాయే పగిలి బురద అందులోకి పోతుంది. దోసెల పిండి జారు చూసినట్టు గంటగంటకూ చూస్తూ ఉండాలి.

బురదకు బరువు రావడానికి వేసే పొడి ఏమిటో తెలుసా? ముగ్గురాయి. మన కడప సీమలోని మంగంపేట గనులది. బెరైటీస్ అంటారు. నీటికన్నా నాలుగు రెట్లకు పైగా బరువు. మంగంపేట నిక్షేపం ప్రపంచంలోనే చాలా పెద్దది. అక్కడి పొడి ఎన్నో దేశాల చమురు బావుల్లోకి వెళ్తుంది. పెళ్లయిన కొత్తలో రాజమండ్రిలో ఉన్నప్పుడు, ఆయన చొక్కా ఉతుకుతూ "ఈ తెల్లపొడి ఏమిటండీ, వదలదు" అంటే, "ముగ్గురాయి" అన్నారు. వేళాకోళం అనుకున్నాను. నిజమేనని తెలిసేసరికి నెల పట్టింది.

ఆ బరువు చాలకపోతే ఏమవుతుందో గోదావరి జిల్లాల వాళ్లకు చెప్పక్కర్లేదు. 1995 జనవరి 8న కోనసీమలో పాశర్లపూడి బావి అదుపు తప్పి అంటుకుంది. 65 రోజులు మండింది. మార్చి 15న గానీ ఆరలేదు. విదేశాల నుంచి నిపుణులు రావాల్సి వచ్చింది. ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించారు. రాజమండ్రిలో మా పక్కింటి పిన్నిగారి పుట్టిల్లు అటువైపే. "రాత్రీ పగలూ తేడా తెలిసేది కాదమ్మా, ఆ హోరుకి మాట వినపడేది కాదు" అని చెప్పేవారు. ఆవిడ ఆ కథ చెప్పినప్పుడల్లా నేను మా వారి డ్యూటీ టైము చూసుకునేదాన్ని.

2009లో ఆయనకు సముద్రం మీద పని వచ్చింది, ముంబై వైపు. ముంబై హై అనే క్షేత్రం తీరానికి సుమారు 160 కిలోమీటర్ల దూరం. జుహూ నుంచి హెలికాప్టర్లో వెళ్లాలి. వెళ్లే ముందు ఒక శిక్షణ ఉంటుంది. హెలికాప్టరు గదిలాంటి డబ్బాలో కూర్చోబెట్టి, బెల్టులు కట్టి, నీళ్లలో ముంచి తలకిందులు చేస్తారు. ఊపిరి బిగబట్టి బెల్టు విప్పుకుని, కిటికీ తోసుకుని బయటికి రావాలి. నాలుగేళ్ల తర్వాత మళ్లీ చేయించారు. ఆ వీడియో నాకు చూపించారు. ఆయన అది గొప్పగా చూపించారు, నేను రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

రిగ్గు మీద రోజుకు 12 గంటల షిఫ్టు. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు, లేదా రాత్రంతా. ఆదివారం లేదు, పండగ లేదు. మందు నిషేధం. భోజనం మాత్రం బాగా పెడతారు. అయినా సూట్‌కేసులో ఆవకాయ సీసా లేకుండా ఆయన ఎప్పుడూ వెళ్లలేదు. మూత చుట్టూ టేపు చుట్టి, రెండు కవర్లలో పెట్టి, ఆ పైన ఒక పాత తువాలు.

ఇక అప్పగింతల సంగతి. షిఫ్టు మారేటప్పుడు వెళ్లేవాడు వచ్చేవాడికి అన్నీ చెప్పి, రాసి, సంతకం పెట్టి వెళ్లాలి. ఏ పంపు తిరుగుతోంది, ఏ వాల్వు మూసి ఉంది, ఏది రిపేరులో ఉంది, అన్నీ. ఏదైనా రిపేరు చెయ్యాలంటే దానికో పర్మిట్ కాగితం. ఆ కాగితాల పిచ్చి ఎందుకని ఒకసారి అడిగితే ఆయన పైపర్ ఆల్ఫా గురించి చెప్పారు. అది బ్రిటన్ పక్కన ఉత్తర సముద్రంలో ఒక ప్లాట్‌ఫాం. 1988 జూలై 6న పగటి షిఫ్టు వాళ్లు ఒక పంపు తాలూకు సేఫ్టీ వాల్వు రిపేరు కోసం తీసి, ఆ చోట తాత్కాలికంగా మూత బిగించారు. పని పూర్తి కాలేదు. ఆ సంగతి రాత్రి షిఫ్టు వాళ్లకు చేరలేదు. రాత్రి రెండో పంపు ఆగిపోయింది. వాళ్లు మొదటి పంపును నడిపారు. గ్యాసు చిమ్మింది. 167 మంది పోయారు.

ఒక మాట చేరకపోవడం వల్ల 167 మంది! ఇది విన్నాక ఆయన నోట్‌బుక్కుల మీద నేనెప్పుడూ విసుక్కోలేదు.

ఇప్పుడు మా ఇంటి కథ. మా అత్తగారు మాతోనే ఉండేవారు. ఒక వానాకాలం రాత్రి బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆయన సముద్రం మీద. బావిలో గ్యాసు చొరబడి, దాన్ని అదుపు చేసే పనిలో ఉన్నారట. ఫోను దగ్గరికి రావడానికే లేదు. నేను అంబులెన్సు పిలిచి, ఇద్దరు పిల్లల్నీ పక్కింట్లో వదిలి, ఆసుపత్రిలో చేర్చాను. ఆపరేషన్ ఆలస్యం చెయ్యకూడదన్నారు. కాగితాల మీద సంతకం పెట్టింది నేనే. డబ్బు కట్టింది నేనే. మర్నాడు మధ్యాహ్నానికి ఆయనతో మాట్లాడగలిగాను. అప్పటికి ఆపరేషన్ అయిపోయింది. అత్తగారు కళ్లు తెరిచి "కాఫీ ఇస్తావా" అని కూడా అడిగారు.

తొమ్మిది రోజుల తర్వాత ఆయన వచ్చారు. అమ్మ దగ్గర కూర్చున్నారు, ఏడ్చారు. ఆ తర్వాత రిపోర్టులన్నీ ముందేసుకుని మొదలుపెట్టారు. ఆ ఆసుపత్రే ఎందుకు? వేరే డాక్టరును అడిగావా? ఇంకో రోజు ఆగి ఉంటే ఏమయ్యేది? కోపంగా కాదు. రిగ్గు మీద ప్రతి పనికీ ఎందుకు అని అడగడం అలవాటు, అలాగే అడిగారు. కానీ నాకు గుండెలో ఏదో తెగినట్టయింది. తొమ్మిది రాత్రులు నిద్రపోని మనిషిని అడిగే మాటలా అవి? నేనేమీ అనలేదు. రెండు రోజులు మాట్లాడలేదు.

మూడో రోజు నేనే అడిగాను. "మీ రిగ్గు మీద రాత్రి షిఫ్టులో ఒకరు నిర్ణయం తీసుకుంటారు. పొద్దున మీరు వెళ్లి, నువ్వెందుకలా చేశావని వాణ్ణి నిలబెట్టి అడుగుతారా?" ఆయన చాలాసేపు ఆలోచించారు. "అడగను. ముందు ఏం జరిగిందో మొత్తం వింటాను. అప్పటికి వాడికి తెలిసినదాన్ని బట్టి చేశాడు కదా" అన్నారు. "మరి నేను?" అన్నాను. ఆ రోజు తెచ్చారు, పొడుగు లెడ్జరు పుస్తకం.

అప్పటి నుంచి మా ఇంట్లో అప్పగింత పుస్తకం ఉంది. ఆయన వచ్చే ముందు రోజు నేను రాస్తాను. గ్యాసు ఎప్పుడు బుక్ చేశాను, బోరు మోటారు ఏమైంది, ఎవరింటి పెళ్లికి ఎంత చదివించాం, పాపకు ఏ సబ్జెక్టులో మార్కులు తగ్గాయి, ఎవరితో మాట పట్టింపు వచ్చింది. కుడివైపు పేజీలో "అయిపోయినవి" అని ఒక గడి. అందులో రాసినవి మళ్లీ తవ్వకూడదు. ఎడమవైపు "ఇంకా తేలనివి". అవి ఇద్దరం కలిసి చూస్తాం. ఆయన వెళ్లేటప్పుడు ఆయన రాస్తారు. ఇంకో నియమం కూడా పెట్టుకున్నాం. వచ్చిన రోజు ఆయన చుట్టం. తినడం, పడుకోవడం, పిల్లలతో ఆడటం. ఏ నిర్ణయమూ చెయ్యకూడదు. రాత్రి షిఫ్టులు చేసి వచ్చిన మనిషికి పగలేదో రాత్రేదో తెలియడానికే రెండు రోజులు పడుతుంది.

ఇది మా ఒక్క ఇంటి బాధే అనుకునేదాన్ని. స్కాట్లాండ్‌లో అబర్డీన్ అనే ఊరు చమురు పనివాళ్ల ఊరు. అక్కడి మానసిక వైద్యులు 1985లోనే దీని మీద ఒక వ్యాసం రాశారు. ఆ పేరును తెలుగులో చెప్పాలంటే "చమురు భార్యలు, వచ్చిపోయే భర్తలు" అనాలి. ఈ ఆడవాళ్లకు దిగులు, ఆందోళన భర్త వెళ్లేటప్పుడూ తిరిగి వచ్చేటప్పుడూ ముంచుకొస్తాయని వాళ్లు గమనించారు. వచ్చేటప్పుడు కూడా అన్న మాట చదివి నాకు ప్రాణం లేచొచ్చింది. "ఆయన వస్తున్నాడు కదా, నీకింక పండగే" అని అందరూ అంటుంటే, పండగ ముందు రోజు నాకెందుకు తలనొప్పి వచ్చేదో అప్పుడు తెలిసింది. పద్నాలుగు రోజులు నా పద్ధతిలో నడిచిన ఇంట్లోకి ఇంకో పెద్దమనిషి వస్తున్నాడు. ఎంత ఇష్టమైన మనిషైనా, జరిగి చోటివ్వాలి కదా.

భయం సంగతి దాచను. 2005 జూలై 27న ముంబై హై నార్త్ ప్లాట్‌ఫాం తగలబడింది. అంతకు ముందు రోజే ముంబైని వరద ముంచింది. సముద్రంలో ఒక ఓడ మీద వంటమనిషి వేళ్లు కోసుకున్నాడు. వాతావరణం బాగాలేక హెలికాప్టర్ రాలేదు. అతణ్ణి వైద్యం కోసం ప్లాట్‌ఫాం మీదికి చేర్చడానికి ఓడ దగ్గరికి వచ్చింది. అలలకు అది గ్యాసు గొట్టానికి తగిలింది. 22 మంది పోయారు. వంటింట్లో కత్తి పట్టుకునే మనకు తెగిన వేలంటే పసుపు అద్దడమే. అక్కడ అదే ఎక్కడికి దారి తీసిందో చూడండి. 2021 మే 17న తౌక్తే తుపానులో అదే సముద్రంలో ఒక బార్జి, ఒక టగ్గు మునిగి ఎనభై మందికి పైగా చనిపోయారు. ఆ రోజు మా వారు ఇంకో రిగ్గు మీద ఉన్నారు. సాయంత్రానికి "క్షేమం" అని ఒక్క ముక్క మెసేజ్ వచ్చింది. ఆ ఫోను నేను మార్చినా ఆ మెసేజ్ తీయలేదు.

ఆ భయం వల్ల ఇంట్లో ఒక మేలు జరిగింది. మా వంటింట్లో గ్యాసు విషయంలో ఆయన మాట వేదం. మీరూ వినండి. సిలిండరులోని గ్యాసు గాలికన్నా బరువు, నేల మీద పరుచుకుంటుంది. కిటికీ ఒక్కటీ తీస్తే చాలదు, తలుపులు బార్లా తెరవాలి. వాసన వస్తే లైటు స్విచ్చి వెయ్యకూడదు, ఆపకూడదు కూడా, ఫ్యాను జోలికి పోకూడదు. రెగ్యులేటరు కట్టెయ్యాలి. అసలు ఆ గ్యాసుకు సొంత వాసన లేదట. లీకైతే తెలియడానికి వాళ్లు కలిపే కంపు అది. నారింజరంగు సురక్ష ట్యూబును అయిదేళ్లకోసారి మార్చాలి. రాత్రి పడుకునే ముందు రెగ్యులేటరు ఆపడం మా ఇంట్లో దీపం పెట్టడం లాంటిది.

ఇంట్లో ఉన్న పద్నాలుగు రోజులూ ఆయన ఏం చేస్తారంటే, మట్టిని చూస్తారు. చేవెళ్ల వైపు వెళ్తే నల్లరేగడి పొలాల దగ్గర కారు ఆపి చేతిలోకి తీసుకుని నలుపుతారు. చిలుకూరు వెళితే ప్రదక్షిణలు అయ్యాక నేను ప్రసాదం తింటుంటే ఆయన రాళ్లు ఏరుతుంటారు. మా అరుగు మీద ముప్పై రకాల రాళ్లున్నాయి, ఒక్కోదానికీ చీటీ. జామ, సీతాఫలం, కరివేపాకు పెంచుతారు. నీళ్లు తప్ప ఏమీ కనిపించని చోట పద్నాలుగు రోజులుండి వచ్చే మనిషికి పచ్చటి ఆకు చూస్తే కడుపు నిండుతుందట. మొదట్లో "ఉన్న నాలుగు రోజులూ రాళ్లతోనేనా" అని నాకు ఉక్రోషంగా ఉండేది. ఇప్పుడు చీటీల మీద పేర్లు నా చేత రాయిస్తారు. బి.ఏ. తెలుగు చదివినదాని దస్తూరీ బాగుంటుందట.

ఇక మా మేనకోడలికి. తల్లీ, జీతం ఎంతో మీ నాన్న అడుగుతాడు. నువ్వు ఆ అబ్బాయిని మూడు అడుగు. నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయాన్ని వచ్చాక నిలబెడతావా, తిరగదోడతావా? బ్యాంకు ఖాతా, ఇన్సూరెన్సు కాగితాలు, నామినీ పేర్లు పెళ్లయిన నెలలోనే నాకు చూపిస్తావా? నువ్వు లేని ఇరవై ఎనిమిది రోజులూ నేను నా ఉద్యోగం చేసుకుంటూ నా ఊళ్లో ఉంటే మీ వాళ్లకు సమ్మతమేనా?

మూడింటికీ నవ్వి ఊరుకుంటే ఆలోచించుకో. మొదటి ప్రశ్నకు కొంచెంసేపు ఆగి, ఆలోచించి జవాబు చెబితే మాత్రం ఆ అబ్బాయికి తన పని బాగా తెలుసని అర్థం. అలాంటివాడికి కాపురం నేర్పడం కష్టం కాదు. అప్పగింత పుస్తకం నేనే కొనిస్తాను. అట్ట గట్టిది చూసి తీసుకుంటాను, చాలా ఏళ్లు రావాలి కదా.